మంత్రిగారు తిప్పిన చక్రం

చమురు క్షేత్రాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న రోజున వాల్వు బాబాయి అనకూడని మాట ఒకటి అనేశాడు. అన్నదేమో కాలనీ కూడలిలో, నీళ్ల ట్యాంకు మెట్ల మీద నిలబడి, అందరూ వింటుండగా. "ఇన్నాళ్లూ మన కాళ్ల కింది నూనెని పరాయి కంపెనీ తోడుకుపోయింది. ఇవాళ్టినుంచి అది మనది. చూస్తూ ఉండండి, పెట్రోలు మంచినీళ్లకంటే చవకైపోతుంది" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు. ఆ మాట గాలికి కొట్టుకుపోయి ఉంటే ఎంతో బావుండేది. అలాంటి మాటల్నే జనం మూటగట్టి దాచుకుంటారు.

వాల్వు బాబాయి ఆయన అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. బావుల్లో తోడిన ముడినూనె రేవు పక్కనున్న రిఫైనరీకి ఒకే ఒక్క పెద్ద పైపులో వెళుతుంది. ఆ పైపు మొదట్లో ఒక వాల్వు ఉంది. దానికి మనిషి ఛాతీ ఎత్తున, బండిచక్రమంత ఇనప చక్రం. మీసాలు రాని వయసులో పనిలో చేరిన దగ్గర్నుంచి మీసాలు నెరిసిన ఈనాటి వరకూ ఆ చక్రం బాగోగులే ఆయన ఉద్యోగం. ఆయన భార్యను కాలనీ అంతా పిన్ని అంటుంది. పిన్నికి ఒక తమ్ముడు, ఆ తమ్ముడికి ఒక పాత టాక్సీ. టాక్సీకి ఆకలెక్కువ.

పెట్రోలు చవకవడం మాట అటుంచి, స్వాధీనమైన మర్నాటినుంచే ధర మెట్లెక్కడం మొదలుపెట్టింది. కంపెనీవాళ్లు ఊరికే పోలేదు. ఓడల్ని తీసుకుపోయారు, ఇంజనీర్లను తీసుకుపోయారు, నూనె పలచగా ఉండేందుకు పైపులో కలిపే మందు డబ్బాల్ని ఒక్కటి కూడా మిగల్చకుండా పట్టుకుపోయారు. పోయేముందు బాబాయి కళ్లెదుటే ఆ వాల్వును మూసి మరీ పోయారు. ఇదంతా తాత్కాలికమేనని రేడియో చెప్పింది. తాత్కాలికం అన్న మాట విన్నప్పుడల్లా ధర ఇంకో మెట్టు ఎక్కేది.

"బావా, మంచినీళ్ల సీసా ధరెంతో నీకు తెలుసా?" అన్నాడు బావమరిది ఒకరోజు మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుంటూ. పొద్దుటినుంచీ బంకు దగ్గర వరసలో నిలబడి అప్పుడే వచ్చాడు. ఎండకి మొహం కమిలిపోయింది.

"నాకేం తెలుసురా."

"తెలుసుకో. నువ్వు చెప్పిన లెక్క సరిచూసుకోవాలి."

"ఒరేయ్, తినేటప్పుడు మీ బావని పీక్కుతినకు" అంది పిన్ని.

"నేనా అక్కా పీక్కుతినేది? నన్ను నా బండి పీక్కుతింటోంది. పోయించిన పెట్రోలుతో రోజంతా తిరిగితే వచ్చింది మళ్లీ పెట్రోలు పోయించడానికే సరిపోతోంది. నేను జనాన్ని తిప్పుతున్నానో, పెట్రోలుని ఊరంతా షికారు తిప్పుతున్నానో నాకే తెలీడం లేదు."

బాబాయి తలెత్తకుండా అన్నం కలుపుకున్నాడు. రేడియోలా తాత్కాలికమేనంటే ఇంకా నవ్వులపాలవుతాడు. క్షౌరశాలలో అయితే మరీ ఘోరం. గడ్డం గీసేవాడు కత్తి గొంతు మీద ఆనించి, "ఎప్పుడు తగ్గుతుంది బాబాయ్?" అని తీరిగ్గా అడిగేవాడు. ఆ స్థితిలో ఎంతటివాడైనా "తగ్గుతుందిలే" అనే అంటాడు.

కానీ ఆయనను లోలోపల తినేస్తున్నది ధర కాదు, పైపు. ఆ బావుల నూనె అందరి నూనెలాంటిది కాదు. అందులో మైనం ఎక్కువ. భూమిలోంచి వేడిగా వస్తుంది, వేడి మీద పారుతున్నంతసేపూ పారుతుంది. ఆగిందా, చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు పైపులోనే పేరుకుపోతుంది. మందు ఉంటే కొంతకాలం ఆగినా ఫరవాలేదు. పైపులో మిగిలింది అయిపోతే ఇక మందు లేదు. ఒకసారి పైపు పొడవునా గడ్డకట్టిందంటే దాన్ని మళ్లీ కదపడం ఇప్పుడున్నవాళ్ల తరం కాదు. పైపు చస్తే బావులు చచ్చినట్టే, బావులు చస్తే కాలనీలో పొయ్యిలు వెలగనట్టే. మనదైన మొదటి ఏడాదే మన చేతుల్లో చచ్చిందంటే, పరాయివాళ్లు ఓడ మీద కూర్చుని కడుపుబ్బ నవ్వుకుంటారు. ఆ నవ్వు తలుచుకుంటే ఆయనకి అన్నం సయించేది కాదు.

కొత్తగా వచ్చిన డైరెక్టరు గారి గదికి రోజూ వెళ్లేవాడు. ఈ డైరెక్టరుకు ఏమీ తెలియదనుకుంటే పొరపాటు. ఈ రకం నూనె మీదే పెద్ద చదువు చదివిన మనిషి. ఏ చలికి ఎంత గట్టిపడుతుందో బాబాయికంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసీ కదలకపోవడానికి ఆయన దగ్గర ఒక ఉత్తర్వు ఉంది.

"సార్, లైను చల్లబడిపోతోంది" అన్నాడు బాబాయి.

"తెలుసు బాబాయి గారూ."

"గడ్డకడితే మళ్లీ కదల్దు."

"అదీ తెలుసు."

"మరి తెరవనివ్వండి."

"మంత్రిగారే తెరవాలి. సొంతమయ్యాక పారే మొదటి చుక్కని ఆయన తన చేత్తో వదలాలట. టీవీవాళ్లు రావాలి, బ్యాండు మోగాలి. అప్పటిదాకా ఆ చక్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

"ఆయనెప్పుడొస్తారు?"

"వచ్చేవారం."

"పోయినవారం కూడా వచ్చేవారమే అన్నారు."

"అప్పుడు నాకు వాళ్లు అలాగే చెప్పారు. ఇప్పుడూ అలాగే చెప్పారు."

"నూనెకి ఈ సంగతి తెలీదు కదా సార్."

డైరెక్టరు నవ్వలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు నలుపుకున్నాడు. "పైకి రాశాను. పరిశీలిస్తున్నాం అన్నారు. ఫోన్ చేశాను. నువ్వు మనవాడివా, కంపెనీ మనిషివా అని అడిగారు. ఇంక నేనేం చెయ్యను?" కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నాకు మోకాళ్ల నొప్పులు. ఆ వాల్వు దాకా నడవలేను. నడవలేను కాబట్టి అక్కడేం జరుగుతుందో నాకు తెలీదు. విన్నారా?"

బాబాయికి సగమే అర్థమైంది. మిగతా సగం ఇంటికెళ్లే దారిలో అర్థమైంది.

మర్నాడు భోజనాల వేళ క్షేత్రంలో పురుగు కూడా కదలని సమయం చూసుకుని, వాల్వు దగ్గరికి వెళ్లాడు. ఆ చక్రం ఎంత మొండిదో ఆయనకి తెలుసు. రెండు చేతులూ వేసి, ఒళ్లంతా బరువు పెట్టి లాగాడు. మొదట మూలిగింది. తర్వాత కదిలింది. ఆ వాల్వుకి ఒక గుణముంది. తెరుస్తున్నకొద్దీ చక్రం మధ్యలోంచి ఒక ఇనపకాడ పైకి లేస్తుంది, మూస్తున్నకొద్దీ లోపలికి దిగిపోతుంది. పూర్తిగా తెరిచేసరికి కాడ చేతికర్రంత పొడుగున నిలబడుతుంది, దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. అందుకని పాత టార్పాలిన్ తెచ్చి మొత్తం కప్పేశాడు. ఎవరైనా అడిగితే వానకి తుప్పు పడుతుందని చెప్పొచ్చు. ఎవరూ అడగలేదు. పైపు లోపల నూనె బద్ధకంగా, సణుక్కుంటూ కదలడం ఆయన అరికాళ్లకి తెలిసింది. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆకలేసింది.

రిఫైనరీవాళ్లు కూడా అడగలేదు. వచ్చేదాన్ని వాకిట్లో నిలబెట్టి, ఎవరి అనుమతితో వచ్చావని నిలదీసేంత వెర్రివాళ్లు కారు. డైరెక్టరు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి, ఆయన ఆవైపు తొంగి కూడా చూడలేదు.

బాబాయి పన్నాగం చాలా తేలిక. మంత్రి వచ్చే రోజు పొద్దున్నే వాల్వు మూసేస్తాడు. ఆయన వచ్చి, చక్రం తిప్పి, ఫొటోలు దిగి పోతాడు. ఒక పూట ఆగితే నూనె గడ్డకట్టదు. ఎవరికీ నష్టం లేదు. ఈ సంగతి ఒక్క పిన్నితోనే చెప్పాడు.

"ఆ పొద్దున మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే?" అంది పిన్ని.

"నన్నా? నా వాల్వు దగ్గరికి నన్ను రానివ్వకపోవడమేంటే?"

"మీకు అన్నీ తేలికే" అని ఆవిడ గిన్నెలు కడుక్కుంది.

ధర మాత్రం తగ్గలేదు. పెరగడం కాస్త నెమ్మదించింది, అంతే. "ఈ వారం కొంచెమే పెరిగింది బావా, దీనిక్కూడా చప్పట్లు కొట్టమంటావా?" అని బావమరిది ఎత్తిపొడిచాడు. ఆ కొంచెమే పెరగడం వెనక తన రెండు చేతుల కష్టం ఉందని చెప్పుకోవడానికి లేదు. కక్కలేక మింగలేక, మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

మంత్రి రాక వాయిదా పడింది. మళ్లీ పడింది. అందరూ ఇక రాడులే అనుకుంటున్న సమయంలో, చెప్పిన రోజుకి ముందు రోజు సాయంత్రం, ఒక్కసారిగా జీపులు దిగాయి. బాబాయి పరుగున వెళ్లేసరికి వాల్వు చుట్టూ తాళ్లు కట్టేసి, రాజధాని నుంచి వచ్చిన భద్రతావాళ్లు నిలబడి ఉన్నారు.

"పాసు ఉందా?" అన్నాడు ఒకడు.

"పాసేంటి నాయనా, నేను ఈ వాల్వు చూసేవాణ్ణి."

"వాల్వు చూడాలంటే రేపు టీవీలో చూడు తాతా."

ఊరందరికీ బాబాయి అయినవాడు అక్కడ క్షణంలో తాత అయిపోయాడు. బతిమాలాడు, గొంతు పెంచాడు, మళ్లీ బతిమాలాడు. వాళ్లు ఆయన్ని భుజం పట్టుకుని, మర్యాదగానే, గేటు దాకా దిగబెట్టారు. అటునుంచి అటే డైరెక్టరు గదికి వెళ్లాడు. రొప్పుతున్నాడు.

"సార్, అది తెరిచి ఉంది."

"నేను వినలేదు."

"సార్, వాల్వు తెరిచి..."

"వింటే మిమ్మల్ని పట్టివ్వాలి బాబాయి గారూ. అందుకే వినలేదు." డైరెక్టరు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "ఏమవుతుంది? పూర్తిగా తెరిచున్న చక్రం ఇంక తెరిచే వైపు తిరగదు. తిరగకపోతే ఆయన తిప్పినట్టు నటిస్తారు. ఆ మాత్రం ఆయనకి చేతకాదా?"

ఆ మాటతో ఇద్దరూ ధైర్యం తెచ్చుకున్నారు. నిజానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

పొద్దున బాబాయిని తాళ్లకు ఇవతల, సిబ్బంది వరసలో నిలబెట్టారు. టార్పాలిన్ ఎప్పుడో తీసేశారు. చక్రానికి మెరిసే రంగు వేశారు. అలంకరణవాళ్లు, మధ్యలో తిన్నగా నిలబడి ఉన్న ఇనపకాడను చూసి ముచ్చటపడి, దాని కొసకి ఒక చిన్న జెండా కట్టారు. బాబాయి దాన్ని చూశాడు. పక్కనే ఉన్న డైరెక్టరు కూడా చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మంత్రి బాగానే మాట్లాడాడు. పెట్రోలు ధర త్వరలోనే దిగివస్తుందని, దిగిరాకపోతే అడగమని అన్నాడు. తర్వాత చేతులు రుద్దుకుని చక్రం పట్టుకున్నాడు. తెరిచే వైపు లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. బ్యాండువాళ్లు మోగించడానికి ఎత్తిన గొట్టాల్ని దించాలో ఉంచాలో తెలియక అలాగే పట్టుకున్నారు. కెమెరాలన్నీ ఆయన మొహం మీదే ఉన్నాయి. ఇక నటించడమే మిగిలింది, నటిస్తాడని బాబాయి ఎదురుచూస్తున్నాడు. అయితే ఆ మంత్రి పట్టుదల ఉన్న మనిషి. పాడు పట్టుదల. వెనకనుంచి కార్యదర్శి వంగి చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడో కాలనీలో చిన్నపిల్లలు కూడా ఊహించగలరు. మంత్రి తలూపి, రెండోవైపు తిప్పాడు. చక్రం వెన్నలా తిరిగింది. ఇన్నేళ్లూ దానికి గ్రీజు పూసిందెవరు మరి.

బ్యాండు భోరున మోగింది. చప్పట్లు. మంత్రి నవ్వుతూ ఇంకా తిప్పాడు, ఇంకా తిప్పాడు. ఆయన అలిసిపోతే భద్రతావాళ్లు ఇద్దరు అందుకుని చివరిదాకా బిగించారు. ఒక్కొక్క చుట్టుకీ ఇనపకాడ కొంచెం కొంచెంగా కిందికి దిగింది, దాంతోపాటు జెండా కూడా దిగింది. చివరికి అది చక్రం మీద చతికిలబడి, ముడతలు పడిపోయింది. జనం మాత్రం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. వాళ్లలో సగంమంది క్షేత్రంలో పనిచేసేవాళ్లే. కాడ దిగితే వాల్వు మూసుకున్నట్టని వాళ్లలో ప్రతివాడికీ తెలుసు. చేతులు కొడుతూ ఒకళ్ల కళ్లల్లోకి ఒకళ్లు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. ఆ సిగ్గుచేటు చప్పట్లలో తన చేతులు కూడా ఉన్నాయని బాబాయికి కాసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.

అంతటితో పోయినా బావుండేది. మంత్రిగారి చెయ్యి పడిన చక్రాన్ని ఇక ఎవరూ కదపకూడదని, దానికి లావుపాటి గొలుసు చుట్టి తాళం వేశారు. తాళంచెవి వాళ్లతోపాటే రాజధానికి పోయింది. పక్కన ఒక రాయి పాతారు. ఫలానా రోజున ఈ వాల్వు తెరవబడినది అని దాని మీద చెక్కించి తెచ్చారు. కాపలాకి ఒక సిపాయిని వదిలిపోయారు.

"ఇప్పుడు చెప్పండి సార్" అన్నాడు బాబాయి, జీపుల దుమ్ము ఇంకా అణగకముందే.

"ఏం చెప్పను? దేశమంతా చూసింది ఆయన తెరుస్తుంటే."

"దేశమంతా చూసింది ఆయన మూస్తుంటే."

"మెల్లగా. తలుపు తీసుంది." డైరెక్టరు లేచి తలుపు వేసి వచ్చాడు. "మూసుందని నేను రాస్తే, ఎవరు మూశారని అడుగుతారు. మంత్రిగారని రాయాలి. అంతకుముందు తెరిచుందా అని అడుగుతారు. మిమ్మల్ని చూపించాలి. మీ తర్వాత నన్ను. నేను రెండు ఫోన్లు చేస్తాను. తాళంచెవి మాత్రం పంపమని, శుభ్రం చెయ్యాలని అడుగుతాను."

"ఈలోగా?"

డైరెక్టరు ఫోన్ అందుకున్నాడు. ఫోన్లు రెండు కాదు, చాలానే చేశాడు పాపం. తాళంచెవి ఎవరి దగ్గరుందో రాజధానిలో ఎవరికీ తెలియదు. అక్కడ వెతుకుతుండగా ఇక్కడ ఉత్తరపు చలిగాలి మొదలైంది. రిఫైనరీవాళ్లు నూనె ఆగిపోయిందేమని అడిగారు. వాల్వు తెరిచాకే ఆగిపోయిందని డైరెక్టరు చెప్పాల్సివచ్చింది. అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

బాబాయి పైపుకి చెవి ఆనించి విన్నాడు. సణుగుడు లేదు. ఇనుము చల్లగా తగిలింది. ఇంక ఒకటి రెండు రోజులు, అంతే. కోపంతో పైపుని అరచేత్తో చరిచాడు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఎవరికీ తెలియనిదీ కాదు. అయినా ఇంతమంది కలిసి, ఇంత శ్రద్ధగా, కళ్లు తెరుచుకుని ఒక బతికున్నదాన్ని చంపుతున్నారు.

మర్నాడు పట్టపగలు వర్క్‌షాపులోంచి గొలుసులు తెంచే పెద్ద కత్తెర భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగానే వాల్వు దగ్గరికి నడిచాడు. రాతి పక్కన కుర్చీ వేసుకుని సిపాయి కూర్చుని ఉన్నాడు. నడివయసు మనిషి.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు సిపాయి.

"వాల్వు తెరుస్తున్నాను."

"తెరిచే ఉందిగా." రాయి చూపించాడు.

"తెరిచే ఉంటే, నేను తెరిస్తే మాత్రం నష్టమేముంది?"

సిపాయి ఆలోచించాడు. అందులో ఆయనకి తప్పేమీ కనపడలేదు. ఆలోచన తెగేలోపల గొలుసు తెగింది. అప్పుడు గుర్తొచ్చి ఈల ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు. బాబాయి చక్రం మీద పడ్డాడు. నూనె బిగుసుకుపోయి ఉంది. చేతులు పట్టుతప్పాయి, అరచేతులు చిట్లాయి. ఎక్కడెక్కడినుంచో జనం పరుగెత్తుకొస్తున్నారు. వాళ్లు చేరేసరికి కాడ పూర్తిగా పైకి లేచి, కొసకి నలిగిన జెండాతో నిలబడి ఉంది. పైపు ముందు ఒకసారి దగ్గింది. చాలాసేపు ఏమీ లేదు. ఆ చాలాసేపట్లో బాబాయికి చచ్చినంత పనైంది. తర్వాత లోపల ఏదో మెల్లగా, బరువుగా జారడం మొదలైంది. ఆయనకి ఏడుపొచ్చింది. సిపాయి చేతులు విరిచి పట్టుకున్నా పట్టించుకోలేదు.

విచారణ త్వరగానే ముగిసింది. పెద్ద బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. ఇప్పటికే తెరిచి ఉన్న వాల్వును అనుమతి లేకుండా తెరిచాడన్నది నేరం.

"అయ్యా, తెరిచున్నదాన్ని ఎవరైనా ఎలా తెరుస్తారు?" అన్నాడు బాబాయి.

"మేమూ అదే అడుగుతున్నాం" అన్నాడు మధ్యలో కూర్చున్నాయన, కాస్త చిరాగ్గా.

డైరెక్టరు సాక్ష్యం చెప్పాడు. మోకాళ్ల నొప్పుల వల్ల తనకేమీ తెలియదన్నాడు. అది చెబుతున్నంతసేపూ ఆయన బాబాయి వైపు చూడలేదు. ఉద్యోగం పోయింది. క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు. ఒక్క మేలు మాత్రం జరిగింది. వాల్వు తెరిచే ఉందని రాయి మీదా కాగితాల మీదా ఉంది కాబట్టి, దాన్ని మళ్లీ ఎవరూ మూయలేదు. నూనె పారుతోంది.

పెట్రోలు ధర మళ్లీ పెరిగింది. ఈసారి రేడియో తాత్కాలికం అనలేదు. క్షేత్రంలో విద్రోహులు వాల్వును ధ్వంసం చేయబోయారని, ధర అందుకే పెరిగిందని చెప్పింది.

ఇల్లు ఖాళీ చేసే రోజున సామాన్లు వేసుకోవడానికి బావమరిది టాక్సీ తెచ్చాడు. పిన్ని చీరలు, గిన్నెలు, ఒక మంచం కోళ్లు డిక్కీలో పట్టాయి. మిగతావి కాలనీవాళ్లు దాచిపెడతామన్నారు. ఊళ్లో బావమరిది ఇంటిదాకా పోయేంత పెట్రోలు కూడా బండిలో లేదు. బంకు దగ్గర వరస వంతెన దాకా ఉంది. అందులో ఎవరూ ఇంజన్లు వేయడం లేదు. ముందు బండి జరిగినప్పుడల్లా దిగి చేతులతో తోసుకుంటున్నారు. పిన్నిని లోపల కూర్చోబెట్టి బావా బావమరుదులు వెనకనుంచి తోశారు. బావమరిది ఆ రోజు ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనలేదు. అంటే బావుండునని బాబాయికి అనిపించింది.

ముందు వ్యాను తోసుకుంటున్నాయన కబుర్లకోరు. చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగి అన్నాడు. "ఈ కాస్త పెట్రోలైనా దొరుకుతోందంటే ఆ మంత్రి పుణ్యమేనండీ. స్వయంగా తన చేత్తో తెరిచాడు. టీవీలో చూశాను, పాపం ఎంత కష్టపడ్డాడో."

బాబాయి తలవంచుకుని బండికి భుజం ఆనించాడు.

"ఎవడో లోపలి దొంగ దాన్ని పాడుచెయ్యబోయాడట. ఆ వెధవ వల్లే గదా ఇవాళ ఇంత పెట్టి కొంటున్నాం. నాకు దొరికితేనా..."

"ఊరుకోండి బావా" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి. జీవితంలో ఎప్పుడూ ఆయన్ని మీరు అనని మనిషి.

బాబాయి ఊరుకోలేకపోయాడు. విచారణలో ఊరుకున్నాడు, రేడియో దగ్గర ఊరుకున్నాడు, ఇంటి తాళం అప్పగించినప్పుడు కూడా ఊరుకున్నాడు. ఇంక ఆయన వల్ల కాలేదు. "ఆ దొంగని నేనే" అన్నాడు. "మంత్రి మూశాడు, నేను తెరిచాను. నువ్వు పోయించుకోబోయే పెట్రోలు నేను తెరిస్తే వచ్చిందే." చిట్లిన అరచేతులు చాచి చూపించాడు. పైపు సంగతి, మైనం సంగతి, కాడ దిగడం సంగతి, అన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పాడు. చెబుతున్నకొద్దీ చుట్టూ మనుషులు పోగయ్యారు. ఆయన చెప్పినదాంట్లో వాళ్లకి వినపడింది మొదటి మాట ఒక్కటే.

ఎవరూ చెయ్యి చేసుకోలేదు. నలుగురు కలిసి, ఒక్క మాట కూడా అనకుండా, పిన్ని లోపలుండగానే టాక్సీని వరసలోంచి పక్కకి నెట్టేశారు. అది రోడ్డు వార కంకర మీదకి దిగి ఆగింది. వెనకున్న బండి వెంటనే ముందుకొచ్చి ఆ ఖాళీని నింపేసింది. పిన్ని కిటికీలోంచి భర్త వైపు చూసింది, తిట్టలేదు.

ముందు దారంతా వరసే, బంకు దాటి పోవడానికి వీల్లేదు, వెనక్కి తిరగాల్సిందే. బావమరిది స్టీరింగు వంచి పట్టుకుని, రెండో చేత్తో తలుపు దగ్గరినుంచి తోయడం మొదలుపెట్టాడు. బాబాయి వెనక చేరాడు. వంతెన మీద ఒక ట్యాంకరు లారీ బంకు వైపు వెళుతూ వాళ్లని దాటింది. నిండుగా ఉన్నట్టుంది, మెల్లగా పోయింది. బాబాయి దాన్ని కనుమరుగయ్యేదాకా చూసి, పళ్లు బిగించి బండిని బలంకొద్దీ తోశాడు.

"మరీ అంత గట్టిగా తొయ్యకు బావా" అన్నాడు బావమరిది. "అవతల పల్లం. బ్రేకులు కూడా అంతంతమాత్రం."